మార్చి జీతం ఏ సంవత్సరపు ఖర్చు?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ప్రభుత్వ పద్దులు

రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలను ఎలా చదవాలో గత నెల ఈ శీర్షికలో రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సందేహాన్ని పలు రూపాల్లో అడిగాయి. దుకాణదారూ కంపెనీలూ రాసే తీరులో ప్రభుత్వ శాఖ లెక్క ఎందుకు రాయదు, ప్రభుత్వంలోనే ఒక కార్యాలయానిది ఒక పద్ధతి, పక్క కార్యాలయానిది మరో పద్ధతి ఎందుకు అన్నదే ఆ సందేహం. ఉద్యోగకాలమంతా ఖజానా కార్యాలయాల్లో బిల్లులు పరిశీలించినవాణ్ణి కనుక, ఈసారి శీర్షిక మొత్తాన్నీ దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: ఏటా ఆదాయపు పన్ను లెక్క వేసుకునేటప్పుడు మమ్మల్ని మార్చి జీతం నుంచి ఫిబ్రవరి జీతం వరకు కలుపుకోమంటారు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది కదా. పని చేసిన నెల ఒక ఏడాదిలోనూ, దాని జీతం మరో ఏడాదిలోనూ పడడం తప్పు కాదా?
(ఒక ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా)

జవాబు: తప్పు కాదమ్మా. మీ పన్ను పట్టీలో కనిపిస్తున్నది ప్రభుత్వ పద్దుల పద్ధతే. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి మార్చి నెల జీతం ఏప్రిల్ ఒకటో తేదీన చెల్లించదగినది అవుతుంది (ఆ తేదీకే ఖాతాలో పడుతుందా లేదా అన్నది వేరే సంగతి). ప్రభుత్వం తన పుస్తకంలో ఖర్చు రాసుకునేది సొమ్ము చెల్లించిన రోజున. మీరు ఏ నెలలో పాఠాలు చెప్పారన్నది ఆ పుస్తకానికి అక్కర్లేదు. అందుచేత 2202 అనే సాధారణ విద్య పద్దు కింద ఒక ఆర్థిక సంవత్సరంలో కనిపించే పన్నెండు జీతాలూ మార్చి నుంచి ఫిబ్రవరి వరకు ఉన్నవి. దీన్ని నగదు పద్ధతి అంటారు. దీనికి ఎదురుగా నిలిచేది, సరుకు చేరిన నాడే, పని జరిగిన నాడే ఖర్చు రాసి, ఇంకా ఇవ్వని సొమ్మును బాకీగా చూపే అక్రూయల్ పద్ధతి. ఈ మాటకు పాఠ్యపుస్తకాలలో తెలుగు పదాలు ఉన్నాయి గాని కార్యాలయాలలో ఎవరూ వాడగా వినలేదు కాబట్టి నేనూ అక్రూయల్ అనే అంటాను.

ప్రభుత్వం నగదు పద్ధతినే ఎందుకు పట్టుకుందో తెలియాలంటే, ఆ లెక్క ఎవరికి అప్పజెప్పాలో ముందు చూడాలి. రాష్ట్ర సంఘటిత నిధి నుంచి చట్టం ద్వారా అనుమతి పొందితే తప్ప ఒక్క రూపాయి కూడా తీయకూడదని రాజ్యాంగం 204వ అధికరణం చెబుతోంది. ఆ అనుమతినే మనం ద్రవ్య వినిమయ చట్టం అంటున్నాము. శాసనసభ ఇచ్చే ఆ అనుమతి ఒక్క సంవత్సరానికి, ఫలానా పద్దుకు, ఇంత సొమ్ము అని కొలిచి ఇచ్చినది. మార్చి 31 రాత్రితో దాని గడువు తీరిపోతుంది, మిగిలినది మురిగిపోతుంది. ఏడాది ముగిశాక సభ అడిగే మొదటి ప్రశ్న కూడా అంత సూటిదే: మేము తీసుకోమన్నదెంత, మీరు తీసినదెంత? ఈ ప్రశ్నకు నగదు పుస్తకం తడుముకోకుండా జవాబు చెబుతుంది. ప్రభుత్వ పద్దులలో నమోదయ్యేవి ఆ ఏడాది వాస్తవంగా వచ్చిన, చెల్లించిన మొత్తాలే తప్ప, రావలసినవీ ఇవ్వవలసినవీ కావని 1990 నాటి ప్రభుత్వ అకౌంటింగ్ నియమాలు స్పష్టంగానే చెబుతున్నాయి. ఈ నియమాలు 1990 నాటివి గాని, ఆచారం మాత్రం 1860లో జేమ్స్ విల్సన్ మన దేశానికి తొలి బడ్జెట్ సమర్పించిన కాలం నాటిది.

బాకీల సంగతి తెలియక ప్రభుత్వం ఈ పద్ధతి పెట్టుకుందని మాత్రం అనుకోకండి. 1984లో ఆ పదవులు రద్దయ్యేవరకు మన ఊళ్లలో కరణాలు రాసిన లెక్కలను మీ ఇంటి పెద్దలు చూసే ఉంటారు. ఫలానా రైతు ఈ ఫసలీకి, అంటే ఈ రెవెన్యూ సంవత్సరానికి, కట్టవలసిన శిస్తు ఎంత, కట్టినదెంత, నిలిచినదెంత అని మూడు గడులుగా ఆ పట్టీ ఉండేది. డిమాండు, కలెక్షను, బ్యాలెన్సు అనే మాటల మొదటి అక్షరాలతో రెవెన్యూ వారు దాన్ని ఇప్పటికీ డి.సి.బి. అంటారు. నా దృష్టిలో అది నికార్సయిన అక్రూయల్ సమాచారమే. అయితే అది ఊరి కట్టలోనూ తాలూకా కచేరీలోనూ జమాబందీ కోసం, అంటే ఏటా శిస్తు లెక్కలు తేల్చడం కోసం, ఉండేది; ఖజానా పుస్తకంలోకి, అంటే ఇప్పటి 0029 భూమి శిస్తు పద్దులోకి, చలానా మీద కట్టిన రూపాయి మాత్రమే ఎక్కేది. రైతు నుంచి రావలసినది కరణానికీ, వచ్చినది ఖజానాకూ తెలుసు. రెండు ప్రశ్నలకు రెండు పుస్తకాలు ఉన్నాయి, వాటిలో ఒకటే శాసనసభ దాకా వెళ్లింది.

ఇంకొక మాట చెప్పి ముందుకు వెళతాను. నగదు పద్ధతి అన్నంత మాత్రాన నోట్లు చేతులు మారాకే ఖర్చు పడుతుందని కాదు. చెల్లింపులు, పద్దుల కార్యాలయం చెక్కు ఇచ్చిన రోజునే ఆ మొత్తం ఖర్చయినట్టే. బ్యాంకు దాన్ని చెల్లించేవరకు అది 8670 అనే 'చెక్కులు, బిల్లులు' పద్దులో నిలబడి ఉంటుంది. ఈ సందుల్లోంచే మార్చి నెల తిరకాసులన్నీ పుట్టాయి. చాలా ఏళ్ల క్రితం ఒక సబ్ ట్రెజరీలో మార్చి 31 సాయంత్రం ఒక కార్యాలయం వారు పన్నెండు ఇనుప బీరువాలకు బిల్లు తెచ్చారు. సరుకు ముట్టినట్టు సంతకం ఉంది, స్టాకు రిజిస్టరు పేజీ నంబరు కూడా వేశారు. బీరువాలు ఎక్కడ పెట్టారని మాటవరసకు అడిగితే, తెచ్చిన గుమాస్తా తల వంచుకుని, 'ఇంకా రంగు వేస్తున్నారండీ' అన్నాడు. వెంటనే చెల్లించవలసిన అవసరం లేకుండా, నిధులు మురిగిపోతాయని సొమ్ము తీయకూడదని ఖజానా నియమావళి చెబుతుంది కనుక బిల్లు తిప్పి పంపాను, దానికి నాతో కొందరు ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆ బిల్లును నేను పాస్ చేసి ఉంటే నగదు పద్ధతి ప్రకారం ఆ ఏడాది ఖర్చులో పన్నెండు బీరువాలు కనిపించేవి, గదిలో ఒక్కటీ ఉండేది కాదు. అక్రూయల్ పద్ధతిలో అయితే సరుకు రానిదే ఖర్చు లేదు, ముందుగా ఇచ్చిన సొమ్ము అడ్వాన్సుగా ఉండిపోతుంది.

ప్రశ్న: మా పురపాలక సంఘంలో జంటపద్దు విధానం (ప్రతి లావాదేవీని రెండు పద్దుల్లో రాయడం), అక్రూయల్ పద్ధతి అంటూ శిక్షణ ఇచ్చారు. రోడ్డుకు ఆవల ఉన్న తహసీల్దారు కార్యాలయంలో మాత్రం పాత పద్ధతే నడుస్తోంది. ఏ పద్ధతి కావాలో శాఖాధిపతి నిర్ణయించుకోవచ్చా?
(పురపాలక సంఘంలో జూనియర్ అసిస్టెంటు, నిజామాబాద్ జిల్లా)

జవాబు: నిర్ణయించుకోలేడు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల పద్దులు ఏ రూపంలో ఉండాలో కాగ్ (ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) సలహా మీద రాష్ట్రపతి నిర్దేశిస్తారని 150వ అధికరణం చెబుతోంది. ఆ అధికారం ముఖ్యమంత్రికే లేదు, తహసీల్దారుకు ఎక్కడిది? అందుకే జిల్లా పరిపాలన ఖర్చుకు మీ జిల్లాలో వేసే 2053 సంఖ్యనే దేశంలోని మిగతా రాష్ట్రాలూ వేస్తాయి. శాఖలు పద్ధతిని 'ఎంచుకుంటాయి' అని మనం వాడుకగా అంటాము గాని, అసలు ఎంపిక జరిగేది చట్టంలో.

మీ పురపాలక సంఘం సంగతి వేరు, ఎందుకంటే అది ప్రభుత్వ శాఖ కాదు. దానికి సొంత నిధి ఉంది, సొంత పన్నులు ఉన్నాయి, అప్పు తెచ్చుకునే వీలు ఉంది. అప్పు ఇచ్చేవాడు శాసనసభలాగ అనుమతి గురించి అడగడు. నీకు ఉన్నదేమిటి, నువ్వు ఇవ్వవలసినదెంత, రావలసినది ఎంత, అందులో నిజంగా వచ్చేదెంత అని అడుగుతాడు. వీటిలో ఒక్కదానికీ నగదు పుస్తకంలో జవాబు దొరకదు. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు కొత్త బాధ్యతలు అప్పగించిన తర్వాత, కాగ్ సూచనల ఆధారంగా కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2004లో జాతీయ పురపాలక అకౌంట్ల మాన్యువల్ తెచ్చింది. రాష్ట్రాలు దాన్ని తమకు అనుగుణంగా మలుచుకున్నాయి. బాండ్లు జారీ చేయాలనుకునే నగరపాలక సంస్థ లెక్కలు కొన్నేళ్లుగా ఆ మాన్యువల్ ప్రకారమో, దాని రాష్ట్ర రూపం ప్రకారమో ఉండాలని 2015లో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ షరతు పెట్టింది. 2018లో హైదరాబాదు మహానగరపాలక సంస్థ 200 కోట్ల రూపాయల బాండ్లతోనూ, అదే ఏడాది విశాఖపట్నం 80 కోట్ల బాండ్లతోనూ మార్కెట్టుకు వెళ్లాయి. ఇక పదిహేనవ ఆర్థిక సంఘం, ఆడిట్ అయిన లెక్కలను అందరికీ కనిపించేలా ఆన్‌లైన్‌లో పెట్టని పట్టణ సంస్థలకు గ్రాంటే లేదన్నది. మీకు శిక్షణ ఇప్పించడానికి వెనక ఉన్న ఒత్తిళ్లు ఇవి.

మీ కౌంటరు దగ్గరే దీన్ని చూడవచ్చు. ఒక ఇంటికి అర్ధ సంవత్సరానికి 3,000 రూపాయల ఆస్తి పన్ను అనుకుందాం. యజమాని ఐదేళ్లుగా కట్టలేదు. నగదు పుస్తకంలో ఆ ఇల్లే లేదు. అక్రూయల్ పుస్తకంలో మాత్రం పది డిమాండ్లూ ఎప్పటికప్పుడు ఆదాయంగా ఎక్కి, 30,000 రూపాయలు రావలసిన బాకీగా నిలబడి ఉంటాయి. బాకీ పాతబడే కొద్దీ వసూలు కాదేమోనన్న అనుమానానికి కొంత కొంత పక్కన పెడుతూ పోవాలి. ఆ పక్కన పెట్టిన మొత్తాన్ని చూస్తే, వసూళ్ల విషయంలో కౌన్సిలు ఎంత మెతకగా ఉందో అప్పు ఇచ్చేవాడికి తెలిసిపోతుంది.

ఇంతా చెప్పాక ఒక చేదు నిజం కూడా చెప్పాలి. నేను చూసిన కొన్ని చోట్ల ఏడాదంతా గుమాస్తాలు పాత నగదు పుస్తకమే రాసి, చివర్లో బయటి ఆడిటరు సంస్థకు అప్పగిస్తే వారు దాన్ని జంటపద్దులోకి మార్చి పెడుతున్నారు. కమిషనరు సమీక్షలో తెరిచేది ఆ ఆస్తి అప్పుల పట్టీని కాదు, పాత డి.సి.బి. పట్టీనే. పద్ధతి మారినా, అడిగే ప్రశ్న మారకపోతే జరిగేది ఇదే.

ప్రశ్న: గ్రామీణ రోడ్డు పని పూర్తి చేశాను. ఎం-బుక్కులో కొలతలు ఎక్కాయి, బిల్లు అప్‌లోడ్ అయింది, టోకెన్ నంబరు వచ్చి పద్నాలుగు నెలలైంది. ప్రభుత్వ లెక్కల్లో నా బాకీ ఎక్కడ ఉంది?
(ఒక చిన్న కాంట్రాక్టరు, ప్రకాశం జిల్లా)

జవాబు: బాధగానే చెబుతున్నాను, ఏడాది చివర శాసనసభ ముందుకు వెళ్లే పద్దులలో అది ఖర్చుగా గాని, అప్పుగా గాని ఎక్కడా లేదు. ఎం-బుక్కు ఇంజనీరింగ్ విభాగం దగ్గర ఉంది. బిల్లు ఆర్థిక శాఖ సాఫ్ట్‌వేరులో ఉంది. అవి రెండూ పరిపాలన రికార్డులే గాని పద్దులు కావు. మీకు సొమ్ము పడిన రోజున, ఆ రోజు ఏ ఆర్థిక సంవత్సరంలో ఉంటే ఆ సంవత్సరపు ఖర్చుగా మీ రోడ్డు కనిపిస్తుంది. అప్పటికి దాని మీద గుంతలు పడినా సరే. మీకు ఇవ్వవలసినది ఆపినంత కాలం ఆ ఏడాది ద్రవ్యలోటు అంతమేరకు తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే ద్రవ్య బాధ్యత చట్టాలు లోటుకు పెట్టిన పరిమితిని కొలిచేది ఈ నగదు లెక్కతోనే. నిజానికి ప్రభుత్వం మీ దగ్గర వడ్డీ లేని చేబదులు తీసుకున్నట్టే. బ్యాంకు దగ్గర తీసుకుని ఉంటే అది అప్పుల పట్టికలో కనిపించేది. మీ దగ్గర తీసుకున్నది కనిపించదు. ఏ పార్టీ ప్రభుత్వంలో ఉన్నా ఈ వెసులుబాటును వదులుకోవడానికి ఆత్రపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. శాసనసభకు జవాబు చెప్పడానికి పుట్టిన పద్ధతి, ఇక్కడ శాసనసభకు కొంత దాచిపెట్టే సాధనమైంది.

దీనికి తలకిందులుగా జరిగేది కూడా ఒకటుంది. మార్చి నెలాఖరున ఒక శాఖ తన పద్దులో మిగిలిన సొమ్మును తీసి, అధికారి పేరిట ఖజానాలోనే ఉండే పి.డి. (పర్సనల్ డిపాజిట్) ఖాతాలో వేస్తుంది. అది ప్రభుత్వ ఖాతాలోని 8443 పద్దు కింద ఉంటుంది. అసలు పద్దులో ఖర్చు పడిపోయింది, నిధులు మురిగిపోలేదు, కాని ఒక్క రూపాయి కూడా ఖజానా గడప దాటలేదు. ఒక పక్క పని జరిగినా ఖర్చు లేదు, మరో పక్క ఖర్చు ఉన్నా పని లేదు. రెండు చోట్లా నియమం అక్షరాలా పాటించినట్టే ఉంటుంది. పి.డి. ఖాతాల మీద కాగ్ ఎన్నో నివేదికలలో అభ్యంతరాలు రాస్తూనే ఉంది.

ప్రశ్న: ఆర్టీసీకి ఇన్ని కోట్ల నష్టం అని పత్రికల్లో చదువుతాము. పాఠశాల విద్యా శాఖకు నష్టం అని ఎప్పుడూ రాయరు. ఎందుకు?
(డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: నష్టం అనే మాటకు అర్థం ఉండాలంటే అమ్మిన దాని ధర, దాని మీద అయిన ఖర్చు రెండూ ఒకే కాలానికి చెందినవై ఉండాలి. బస్సు ఈ ఏడాది కొని, పదేళ్లు నడిపితే, దాని ఖరీదును ఆ పదేళ్ల టిక్కెట్ల మీద తరుగుదలగా పంచితే తప్ప టిక్కెట్టు ధర గిట్టిందో లేదో తేలదు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద ఏర్పడిన ఆర్టీసీ అందుకే వ్యాపార పద్ధతిలో లెక్క రాస్తుంది, విద్యుత్ పంపిణీ సంస్థలు కంపెనీలు కనుక కంపెనీల చట్టమే వాటిని అక్రూయల్ పద్ధతికి కట్టివేసింది. పాఠం అమ్మకపు సరుకు కాదు కాబట్టి బడికి లాభనష్టాల పట్టీ లేదు, ఖర్చు మాత్రమే ఉంది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఇస్తున్న సున్నా టిక్కెట్టును తీసుకోండి. కండక్టరు ఆ టిక్కెట్టు కొట్టిన రోజునే దాని ఛార్జీ ఆర్టీసీకి ప్రభుత్వం నుంచి రావలసిన సొమ్ము అవుతుంది. ప్రభుత్వ పుస్తకంలో మాత్రం ఆ సొమ్ము విడుదలైన రోజున, విడుదలైనంతే ఖర్చు. కాబట్టి ఒకే ప్రయాణం రెండు పుస్తకాల్లో రెండు తేదీలతో, ఒక్కోసారి రెండు సంవత్సరాలలో ఉంటుంది, రెండూ తప్పు కాదు.

ఈ రెండు పద్ధతులనూ ఒకే గొడుగు కింద నడిపినది రైల్వే. ఆక్‌వర్త్ కమిటీ సిఫారసు మీద 1924లో రైల్వే లెక్కలను సాధారణ బడ్జెట్ నుంచి విడదీసినప్పుడే తరుగుదల నిధి పెట్టారు. రైల్వే ప్రభుత్వ శాఖ కనుక పార్లమెంటుకు నగదు లెక్క ఇవ్వాలి, వ్యాపారం కనుక తనకు గిట్టుబాటు లెక్క కావాలి. ఈ రెండింటికీ మధ్య 'డిమాండ్స్ పేయబుల్' అనే వంతెన పద్దు ఉంది. మార్చిలో చేసిన పనికి ఏప్రిల్‌లో ఇచ్చే కూలిని రైల్వే మార్చి నిర్వహణ ఖర్చులోనే వేసి, ఇచ్చేవరకు ఆ వంతెన మీద నిలబెడుతుంది. పై ఉపాధ్యాయిని గారి మార్చి జీతానికి అలాంటి వంతెన లేదు. 2017-18లో రైల్వే బడ్జెట్ తిరిగి సాధారణ బడ్జెట్‌లో కలిసిపోయింది గాని, ఈ జంట లెక్క మాత్రం పోలేదు.

ప్రశ్న: సి.పి.ఎస్. (ఉద్యోగి, ప్రభుత్వం చెరో వాటా కట్టే పింఛను పథకం) రద్దు చేసి పాత పింఛను ఇస్తే ప్రభుత్వానికి వెంటనే డబ్బు మిగులుతుందని మా సంఘం నాయకులు అంటున్నారు, మోయలేని భారమని ఆర్థికవేత్తలు అంటున్నారు. ఎవరిది నిజం?
(ఒక ప్రభుత్వ ఉద్యోగి, అనంతపురం)

జవాబు: ఇద్దరిదీ నిజమే, వారు చదువుతున్న పుస్తకాలు వేరు. పాత పింఛనులో ఉద్యోగి పనిచేసిన ముప్పయ్యేళ్లలో ప్రభుత్వం తన పుస్తకంలో ఒక్క రూపాయి కూడా రాయదు. అతను రిటైరైన తర్వాత నెల నెలా 2071 పద్దు కింద రాస్తుంది. సి.పి.ఎస్.లో, అంటే ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి, ఉద్యోగి వాటాతో పాటు ప్రభుత్వ వాటాను కూడా జీతం ఇచ్చిన ప్రతి నెలా కట్టాలి. 2004లో పాతికేళ్ల వయసులో చేరినవారు 2040 ప్రాంతంలో రిటైరవుతారు. అప్పటివరకు ప్రభుత్వం పాతవారి పింఛను, కొత్తవారి వాటా రెండూ మోస్తుంది. కనుక నగదు పుస్తకంలో సంస్కరణ కొత్త ఖర్చుగానూ, దాని రద్దు పొదుపుగానూ కనిపిస్తాయి. 2022లో రాజస్థాన్, 2023లో హిమాచల్ ప్రదేశ్ పాత పింఛనుకు మళ్లినప్పుడు ఆ ఏటి లెక్కలలో భారం కనిపించకపోవడానికి కారణం ఇదే.

అక్రూయల్ పుస్తకం అయితే, ఉద్యోగి ఈ ఏడాది చేసిన సేవకు రేపు ఇవ్వవలసిన పింఛనులో ఈ ఏటి భాగాన్ని ఈ ఏడాదే బాకీగా రాయమంటుంది. అప్పుడు పాత పింఛను మొదటి రోజు నుంచే కనిపిస్తుంది. నేను పాత పింఛను తీసుకుంటున్నవాణ్ణి, దాన్ని తక్కువ చేసి మాట్లాడే అర్హత నాకు లేదు; ఉద్యోగికి వృద్ధాప్యంలో ఏ భరోసా ఉండాలన్నది లెక్కల పద్ధతి తేల్చే విషయమూ కాదు. అయితే ఆ చర్చలో డబ్బు మిగులుతుందనే మాట విన్నప్పుడు, ఎన్నేళ్ల లెక్కలో అని అడగడం మీ హక్కు.

ప్రశ్న: ఇన్ని లోపాలు ఉన్నప్పుడు ప్రభుత్వం మొత్తంగా అక్రూయల్ పద్ధతికి ఎందుకు మారడం లేదు?
(కామర్స్ లెక్చరర్, రాజమహేంద్రవరం)

జవాబు: మారాలని చెప్పినవారు లేకపోలేదు. అంతకు కొద్దికాలం ముందు వరకు మన గవర్నరుగా పనిచేసిన సి. రంగరాజన్ అధ్యక్షతన పన్నెండవ ఆర్థిక సంఘం 2004లో ఇచ్చిన నివేదికలో అక్రూయల్ వైపు వెళ్లాలని సిఫారసు చేసింది. అంతవరకు సబ్సిడీలు, జీతాలు, పింఛన్లు, ఒప్పుకున్న బాధ్యతల వివరాలను పద్దులకు అనుబంధ పట్టికలుగా చేర్చమంది. అంతకు రెండేళ్ల ముందే, 2002లో, కాగ్ ప్రభుత్వ అకౌంటింగ్ ప్రమాణాల సలహా మండలిని ఏర్పాటు చేసింది. కేంద్రం సిఫారసును సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ సూత్రం ఇంకా ఆచరణ దాకా రాలేదు.

న్యూజిలాండ్ 1989 చట్టంతో మారింది, బ్రిటన్ 2000లో చట్టం చేసింది. జర్మనీ ఫెడరల్ ప్రభుత్వం మాత్రం తన పాత నగదు లెక్కనే ఉంచుకుంది, అంతమాత్రాన ఆ దేశపు ద్రవ్య క్రమశిక్షణను ఎవరూ శంకించరు. కనుక వెనుకబాటుతనం వల్లనే నగదు పద్ధతి ఉందని నేను అనను. నగదు పుస్తకంలో అబద్ధం ఆడాలంటే సొమ్మును ఇటు నుంచి అటు తిప్పాలి, పి.డి. ఖాతాలో వేసినట్టు, ఆడిటరు పట్టుకోగలడు. అక్రూయల్ పుస్తకంలో ఊహలు మార్చితే చాలు. వసూలు కాని పన్ను ఎంత, భవనం ఎన్నేళ్లు నిలుస్తుంది, పింఛనుదారు ఎన్నేళ్లు బతుకుతాడు అన్న ప్రతి చోటా ఒక అంచనా ఉంటుంది, ప్రతి అంచనా దగ్గరా బేరానికి చోటు ఉంటుంది. ఆ అంచనాలను నిలదీయగల సిబ్బంది సబ్ ట్రెజరీ స్థాయి దాకా తయారుకాకుండా పద్ధతిని మార్చితే, పురపాలక సంఘాల అనుభవమే పెద్ద ఎత్తున పునరావృతమవుతుంది. నన్ను అడిగితే ముందు పెండింగు బిల్లుల జాబితాను, ఏ పద్దు కింద ఎన్ని నెలలుగా ఉన్నవో తేదీలతో సహా, వార్షిక పద్దులతో పాటు శాసనసభ ముందు పెట్టడాన్ని తప్పనిసరి చేయాలి. దానికి కొత్త సాఫ్ట్‌వేరు కూడా అక్కర్లేదు, ఆ టోకెన్ నంబర్లన్నీ ఇప్పుడున్న దానిలోనే ఉన్నాయి.

ఇక ఆస్తుల సంగతి మీ విద్యార్థులకు మంచి అభ్యాసం అవుతుంది. కాకతీయుల కాలపు రామప్ప చెరువు కొన్న ధర ఎంత, దాని ఆయుర్దాయం ఎన్నేళ్లు, ఏటా ఎంత తరుగుదల వేయాలి? నీరు నిండి ఆయకట్టు పారుతున్న చెరువుకు విలువ సున్నా అని రాయలేము, నిన్న తవ్వినట్టు ఇవాళ్టి రేటూ వేయలేము. నాగార్జునసాగర్‌ది ఇంకో రకం. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు మీద పెట్టిన మూలధన వ్యయం మన ప్రభుత్వ పద్దులలో ఏటికేడు మొత్తం కడుతూ వచ్చిన అంకెగానే ఉంటుంది. 1960ల నాటి రూపాయిని నిన్నటి మరమ్మతు రూపాయితో నేరుగా కూడేశారు, ఎక్కడా తరుగుదల తీయలేదు. ఆ అంకెను డ్యాం విలువ అని పొరపడినవారిని సచివాలయంలోనే చూశాను. అది విలువ కాదు, ఇంతవరకు ఖజానా నుంచి తీసిన సొమ్ముల మొత్తం.